గేర్లో వదిలిన బండి

బాలగంగాధరానికి ఆ మధ్యాహ్నం కావలసినవి రెండే. ఒక కుర్చీ, ఒక చెంబుడు మజ్జిగ. దొరికింది మాత్రం ఒక బెంచీ. అదీ లంక రేవు పోలీసు ఔట్‌పోస్టులో ముద్దాయిల్ని కూర్చోబెట్టే బెంచీ. ముద్దాయి నేల మీద చతికిలబడి ఉన్నాడు కాబట్టి అది ఖాళీగా ఉంది.

"పైకొచ్చి కూర్చోవోయ్. నిన్ను వంగి చూడాలంటే నా మెడ ఒప్పుకోదు" అన్నాడు.

తాతబ్బాయి లేచి బెంచీ చివర ఒదిగి కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి. మలికిపురం నుంచి కొబ్బరి లారీలు తోలి తోలి అరచేతులు మొద్దుబారిపోయేయి. తిండి తిని రెండు రోజులైందని మొహమే చెబుతోంది. గుమ్మం బయట అతని భార్య సత్యవేణి క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పూటపూటా అన్నం వండి తేవడం, మెతుకు ముట్టకపోతే తిరిగి పట్టుకెళ్ళడం, ఇదే పనైపోయింది ఆవిడకి.

బాలగంగాధరం గురించి రెండు ముక్కలు చెప్పుకోకపోతే కథ నడవదు. వాళ్ళ నాన్నగారు ఊళ్ళో పిల్లలకి వేదం చెప్పేరు. ఈయన రవాణా శాఖలో చేరి, జిల్లాలో ఉన్న లారీలన్నిటి బ్రేకులూ తొక్కి చూసేడు. బ్రేకినస్పెక్టరుగా రిటైరయ్యేక ఇంట్లో పడుకుందామనుకుంటే ఇన్సూరెన్సు వాళ్ళు పడుకోనివ్వలేదు. ఎక్కడ బండి పడినా, ఎక్కడ మనిషి పోయినా, బండి చూసి తప్పెవరిదో తేల్చమని కబురు. తేల్చడంలో పేరొచ్చింది, పేరుతో పాటు నడుం నొప్పీ వచ్చింది. వెనకాల జనం డిటెక్టివు గారంటారు. ముందర అంటే ఒప్పుకోడు.

"మంగళవారం ఏం జరిగిందో చెప్పు. నిన్న వీళ్ళకి చెప్పింది కాదు. జరిగింది చెప్పు."

"జరిగిందే చెప్పేనండి" అన్నాడు తాతబ్బాయి.

జరిగింది ఇదీ. హైదరాబాదులో ఒక కంపెనీ కొత్తగా 'ఐరావత్' అని ఒక కరెంటు ట్రక్కు చేసింది. మామూలు ట్రక్కు కాదు. బురదైనా ఇసకైనా కాలవగట్టైనా లెక్కచెయ్యని బండి. దాన్ని అమ్మకానికి పెట్టేముందు మంచిచెడ్డలు తేల్చి రాసివ్వమని ప్రకాష్ అనే ఆయనకి అప్పజెప్పేరు. బండ్లు తోలి చూసి ఉన్నదున్నట్టు రాయడం ఆయన వృత్తి. ఆయన దాన్ని కోనసీమ తీసుకొచ్చి రెండు వారాలుగా తిప్పుతున్నాడు. దారులు తెలిసిన డ్రైవరు కావాలని తాతబ్బాయిని పెట్టుకున్నాడు. మంగళవారం ఏటి మధ్యనున్న లంకలో ఇసక పరీక్ష ముగించుకుని, బండ్లని ఏరు దాటించే పంటు మీద వెనక్కి వస్తున్నారు. ఒడ్డు ఇంకా కొంచెం దూరం ఉందనగా, డ్రైవరు లేని బండి తనంతట తాను ముందుకి కదిలింది. పంటు ముందున్న తలుపు బల్ల విరగ్గొట్టుకుని గోదాట్లో పడింది. వెనక సీట్లో ప్రకాష్ నిద్రపోతున్నాడు. పంటు వాళ్ళు దూకి అద్దం పగలగొట్టి లాగేరు గానీ, మనిషికి ఇంకా తెలివి రాలేదు. అమలాపురం ఆసుపత్రిలో మిషను మీద ఊపిరి తీస్తున్నాడు.

"పంటు ఎక్కించేక ఏం చేసేవు?"

"గేర్లో ఎట్టేనండి. ఆపేసేనండి. దిగేనండి. పంటోళ్ళు చక్రానికి దిమ్మేసేరండి. నేను వెనక్కెళ్ళి చుట్ట... టీ తాగుతున్నానండి."

"చుట్టే తాగేవులే. గేర్లో ఎందుకు పెట్టేవు?"

తాతబ్బాయి ఆయన వంక వింతగా చూసేడు. "పంటు మీద గేర్లోనే కదండీ ఎడతారు?"

అదీ నిజమే. ఈ గోదావరి పాయల మీద పంటు తాడు విప్పేముందు దాన్ని నడిపే సరంగు "గేర్లో ఎట్టండో" అని ఒక కేక వేస్తాడు. ఇంజను ఆపి బండిని గేర్లో వదిలితే ఆ ఇంజనే చక్రాన్ని పట్టుకుని ఉంటుంది, పంటు ఊగినా బండి జారదు. తాతలనాటి డీజిలు బండ్ల నుంచీ ఇదే ఆచారం. గేర్లో వెయ్యని డ్రైవర్ని పంటు మీదే నిలబెట్టి తిట్టిన రోజులు బాలగంగాధరానికీ ఉన్నాయి. కానీ ఈ బండికి ఇంజనేదీ, పట్టుకోడానికి?

"దిగ్గానే బండి తనే బిగించేసుకుంటదని ఆ బాబుగారే చెప్పేరండి మొదటి రోజు. తలుపు తీసి చూపించేరు కూడానండి" అన్నాడు తాతబ్బాయి.

"ఏ బాబుగారు?"

"నేనే మావయ్యగారూ" అంటూ గుమ్మంలోంచి ఒక కుర్రాడు లోపలికొచ్చేడు. చంకలో లాప్‌టాప్.

బాలగంగాధరం కళ్ళు మూసుకున్నాడు. కంపెనీ తరఫున ఒక ఇంజనీరు వచ్చేడని తెలుసు. వాడు కృష్ణతేజ అని తెలీదు. వీడి తాతగారు తన తండ్రి దగ్గర వేదం చెప్పుకున్నారు. వీడి ఉపనయనానికి తను వెళ్ళి అప్పాలు తిన్నాడు. ఇలాంటి పనుల్లో తెలిసినవాళ్ళు తగిలితే ఒళ్ళు రెట్టింపు నొప్పెడుతుంది.

"అంబాజీపేటేగా మీది. ఇంకా ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

"అమ్మమ్మ ఉంది. నేను హైదరాబాదులోనే." కృష్ణతేజ లాప్‌టాప్ బల్ల మీద తెరిచేడు. "మీకు శ్రమ లేకుండా అంతా తీసి ఉంచేను. బండి తను చేసిన ప్రతి పనీ గుర్తుపెట్టుకుంటుంది. ఇదిగో, లివరు 'డీ'లో, అంటే ముందుకి నడిచే గేర్లో, వదిలేసి దిగేడు. బండిని కట్టిపడేసే 'పీ'లో పెట్టాలి. తప్పు తాతబ్బాయిదే. మీరు సంతకం పెడితే అయిపోతుంది."

ఎస్సై త్రిమూర్తులు కుర్చీలోంచి ముందుకి వంగేడు. "అదేనండి గురువుగారూ. అయిదింటికి మేజిస్ట్రేటు గారి ముందు పెట్టాలి. మీ రిపోర్టు ఒక్కటే తరువాయి. పాస్‌పోర్టు ఎలాగూ మా దగ్గరే ఉంది."

పాస్‌పోర్టు మాట వినగానే గుమ్మం బయట సత్యవేణి లేచి నిలబడింది. "శుక్రవారం కువైట్ విమానమండీ ఆయనకి. మూడేళ్ళు తిరిగితే వచ్చిన వీసా. కేసు పడిందంటే అది పోయినట్టేనండి. ఇన్నేళ్ళూ లారీ తోలి కోడిపిల్లని కూడా తొక్కలేదండీ మా ఆయన."

"కూర్చోమ్మా" అన్నాడు బాలగంగాధరం. కృష్ణతేజ వైపు తిరిగి, "దిగ్గానే బిగించుకుంటుందని నువ్వే చెప్పేవుగా. మరి బిగించుకోలేదేం?"

"ఆ రక్షణ తీసేసి ఉంది. బురదలో తలుపు తెరిచి, చక్రం ఎంత దిగబడిందో చూసుకుంటూ తోలాలి కదా? ప్రకాష్ గారే తియ్యమన్నారు, తీసేను. పరీక్ష అయ్యేక మళ్ళీ పెట్టుకోవడం ఆయన పని. మర్చిపోయారు."

"అంటే తప్పు ఒకటి డ్రైవరుది, ఒకటి తెలివిలేకుండా పడున్నవాడిది. కంపెనీది ఏమీ లేదు."

"రికార్డు అలా చెబుతోంది మావయ్యగారూ."

"ఆపేసిన బండి కదా. డీలో ఉన్నా నిద్రపోతున్న బండి. దాన్ని లేపిందెవరో చెబుతోందా నీ రికార్డు?"

కృష్ణతేజ తెర మీద ఏదో వెతికేడు. "అసలు ఆపలేదేమో. బొత్తాం సరిగ్గా నొక్కి ఉండడు. ఆ ముక్క నీళ్ళలో పాడైపోయింది, రాలేదు."

కంపెనీకి కావలసిన ముక్క వచ్చి, అక్కర్లేని ముక్క పాడైంది. గోదారి నీళ్ళకి ఇంత తెలివి ఎప్పుడొచ్చిందో!

"పద. బండి దగ్గరికి పోదాం. తాతబ్బాయ్, నువ్వూ రా" అంటూ లేచేడు. మోకాళ్ళు రెండూ కిర్రుమన్నాయి.

*

బండి రేవు గట్టున, తూర్పుమొహంగా నిలబడి ఉంది. క్రేను తెచ్చి పైకి లాగి అక్కడ పెట్టేరు. ఒంటినిండా ఎండిన ఒండ్రు. ఒక అద్దం లేదు. అంతకు మించి దానికేమీ అయినట్టు లేదు.

చక్రాలే ఆయన నడుమెత్తున్నాయి. నాలుగు చక్రాలకీ నాలుగు మోటార్లు. ఎనిమిది వందల గుర్రాల బలం అన్నాడు కృష్ణతేజ. పొలాలకి తిరగడానికి అన్ని గుర్రాలెందుకో ఆయన అడగలేదు, అడిగే ఓపిక లేదు. మూడున్నర టన్నుల బరువు. గుండెల్లోతు నీళ్ళలో నడుస్తుందట. నీళ్ళలో మునిగి తేలేక కూడా బొత్తాం నొక్కగానే లోపల దీపాలు వెలిగేయి.

"చూసేరా? మునిగినా చావలేదు. చుట్టూ ఏడు కెమెరాలు, అవీ పనిచేస్తున్నాయి. చక్రం కింద రాయి ఉందో గుంట ఉందో హైదరాబాదులో కూర్చుని కూడా చూడొచ్చు" అన్నాడు కృష్ణతేజ. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం కుర్రాడి మొహంలో నిజమైన సంతోషం కనిపించింది.

బాలగంగాధరం ఎక్కేడు. ఎక్కడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సొచ్చింది. గట్టు మీద కొంచెం ముందుకీ వెనక్కీ తోలి చూసేడు. స్టీరింగులో వెలితి లేదు. వాలులో నిలబెట్టి వదిలితే జారలేదు. ఒండ్రు మట్టిలోకి దింపితే, మామూలు బండి చక్రం తిరిగి తిరిగి ఊబి చేసుకునే చోట, ఇది ఏ చక్రానికి ఎంత కావాలో అంతే ఇచ్చి మెల్లిగా పైకొచ్చేసింది. బ్రేకు మీద కాలు ఆనిస్తే చాలు, నిలబడింది. మంచి బండి. అదే ఆయనకి విసుగు తెప్పించింది. చెడ్డ బండైతే రెండు తిట్లు రాసి ఇంటికి పోయేవాడు.

ఒక్కటే ఆయనకి నచ్చలేదు. చప్పుడు లేదు. ముందున్న మనిషికి బండి లేచిందో నిద్రపోతోందో తెలిసే దారే లేదు. ఇంత బరువు, ఇంత మౌనం ఒక్కచోట ఉండకూడదనిపించింది.

బండిని మళ్ళీ తూర్పుమొహంగానే నిలబెట్టి దిగేసరికి రేవు మెట్ల మీద చేపల గంప పెట్టుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమెని ఆయన రాగానే చూసేడు. గంప ఖాళీ అయినా కదలకుండా ఇటే చూస్తోంది. చెప్పాల్సిందేదో ఉన్నవాళ్ళే అలా చూస్తారు.

"నీ పేరేమిటమ్మా?"

"వీరాయమ్మండి."

"మంగళవారం పంటు మీదున్నావా?"

"లేకపోతే నా సేపలు ఎట్టా పోతాయండి? గంపెడు గోదాట్లో కలిసిపోయేయి. ఎవరిస్తారండి నాకు?"

"గంప ఎక్కడ పెట్టుకున్నావు?"

"నీడున్న సోట. ఆ ఎండలో నీడెక్కడుంది, ఈ మాయదారి బండి ముందు తప్ప. దాని మూతి ముందే కూకున్నానండి."

కృష్ణతేజ నవ్వేడు. "మావయ్యగారూ, ఈవిడ బండి ముందు కూర్చుంటే బతికి ఉండేదా?"

"అదే అడుగుతున్నాను, ఆగు" అన్నాడు బాలగంగాధరం. "ఎలా బతికేవు వీరాయమ్మా?"

"లేసిపోయేనండి. ఎక్కింది మొదలు సల్లగానే కూకున్నాను. ఒడ్డు అల్లంత దూరంలో ఉందనగా, ఉన్నట్టుండి దాని మూతిలోంచి కాళ్ళకి వేడిగాలి కొట్టింది. పొయ్యి ముందు కూకున్నట్టు. ఇదేం నీడరా బాబూ అని లేసి పక్కకెళ్ళేను. గంప తీసుకుందారని వంగేలోపే బండి దిమ్మ మీదకెక్కి ముందుకి పోయింది."

"పోలీసులకి చెప్పేవా?"

"ఆళ్ళు అడగలేదండి. సేపల సంగతి సెప్పబోతే తర్వాత రమ్మన్నారు."

త్రిమూర్తులు టోపీ తీసి తుడుచుకున్నాడు.

బాలగంగాధరం వంగి బండి మూతి చూసేడు. కింది భాగంలో జాలీ, దాని వెనక ఫ్యాన్లు. వేడిగాలి అంటే ఫ్యాన్లు తిరిగేయి. ఫ్యాన్లు తిరిగేయంటే ఏసీ నడిచింది. ఎక్కింది మొదలు చల్లగా ఉందంటే తాతబ్బాయి బండిని సరిగ్గానే ఆపేడు. నడిగోదాట్లో దాన్ని ఎవరో లేపేరు. డ్రైవరు వెనక చుట్ట తాగుతున్నాడు, ప్రకాష్ నిద్రపోతున్నాడు.

"తేజా, ఏసీ ఫోన్లోంచి వెయ్యొచ్చా?"

"వెయ్యొచ్చు. ఎక్కేముందు లోపల చల్లబడి ఉండడానికి" అన్నాడు కృష్ణతేజ. వెంటనే, "కానీ ఏసీ వేరు, మోటార్లు వేరు. ఏసీ వేస్తే బండి కదలదు. చిన్నపిల్లాడికి కూడా తెలిసిన సంగతి" అన్నాడు.

"చిన్నపిల్లాడికి తెలిసింది నాకు తెలీదు. నాకు చూపించు."

"మావయ్యగారూ, మీరు డీజిలు కాలం మనిషి. ఇవన్నీ మీకు..."

"అవును నాయనా. డీజిలు కాలం వాడినే, త్వరలో దాంతోపాటే పోతాను. పోయేలోపు ఒక్కటి చూపించు. తాతబ్బాయ్, మంగళవారం ఏం చేసేవో అదే చెయ్యి. త్రిమూర్తులూ, ముందు చక్రానికి ఒక దిమ్మ వేయించు."

తాతబ్బాయి ఎక్కి లివరు డీలో పెట్టి, బొత్తాం నొక్కి ఆపి దిగేడు. దీపాలారిపోయేయి. కానిస్టేబులు కొబ్బరి దిమ్మ తెచ్చి చక్రం ముందు వేసేడు. బాలగంగాధరం డ్రైవరు సీట్లోకి ఎక్కి కూర్చుని తలుపు వేసుకున్నాడు. కాలు బ్రేకు మీదికి ఎత్తి సిద్ధంగా ఉంచేడు. అది బయటికి కనపడదు.

పొద్దు పడమటికి వాలింది. బండి ముందు చక్కటి నీడ. ఆ నీడలో కృష్ణతేజ, ఎస్సై నిలబడ్డారు.

"లోపల ఉడికిపోతోంది బాబూ. ఏసీ వెయ్యి" అన్నాడు కిటికీలోంచి.

కృష్ణతేజ జేబులోంచి ఫోను తీసేడు. తెర మీద వేలు ఆనించబోయి ఆగేడు. తలెత్తి బండి మూతి వంక చూసేడు. నెమ్మదిగా నాలుగడుగులు పక్కకి వేసి, నీడలోంచి ఎండలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"ఎస్సై గారూ, మీరూ ఇటు రండి" అన్నాడు.

"ఎందుకండీ?"

"అక్కడ... చీమలున్నాయి."

వైశాఖమాసం ఎండలో కోనసీమలో పుట్టినవాడెవడూ ఊరికే నీడ వదులుకోడు. బాలగంగాధరానికి అక్కడే అంతా తెలిసిపోయింది. తెలిసినందుకు సంతోషం వెయ్యలేదు. ఉపనయనం నాడు పీటల మీద నిద్రకి తూగుతూ కూర్చున్న పిల్లాడు కళ్ళముందు మెదిలేడు.

"వెయ్యరా" అన్నాడు.

వేసేడు. ఫ్యాన్లు తిరిగిన సన్నటి సవ్వడి. దీపాలు వెలిగేయి. అంతే, బండి ముందుకి గుంజింది. దిమ్మ మీదికి ఎక్కి దాన్ని పిప్పి చేసింది. బాలగంగాధరం బలమంతా పెట్టి తొక్కేడు. ఎస్సై అంతకుముందు నిలబడ్డ చోటికి జానెడు దూరంలో బండి ఆగింది. ఆయన బొత్తాం నొక్కి ఆపేసి, దిగి, తలుపు వేసేడు.

త్రిమూర్తులు చీమల కోసం కింద చూసేడు. ఒక్కటీ లేదు.

"ఏసీ వేస్తే బండి కదలదన్నావు. మరి ఎండలోకెందుకెళ్ళేవు బాబూ?" అన్నాడు బాలగంగాధరం. కోప్పడలేదు. కోప్పడే ఓపికా లేదు.

కృష్ణతేజ చేతిలో ఫోను వంక చూసుకున్నాడు.

"ఇంకొకటి కూడా చెప్పనా? పంటు మీద బండిని గేర్లో వదుల్తారని హైదరాబాదు ఇంజనీరుకి తెలీదు. ఈ పంటులెక్కి పెరిగినవాడికే తెలుస్తుంది."

"నేను వెయ్యలేదు మావయ్యగారూ!" అరిచినంత పని చేసేడు కుర్రాడు. ఫోను ఎస్సై చేతిలో కుక్కేడు. "చూసుకోండి. మంగళవారం నేను ఏసీ వేసి ఉంటే ఇందులో ఉంటుంది. అమ్మమ్మ మీద ఒట్టు, నేను వెయ్యలేదు!"

త్రిమూర్తులు తెర మీద వేలు జరుపుతూ చాలాసేపు చూసేడు. "ఇప్పుడు వేసింది ఉందండి. మంగళవారం ఏమీ లేదు. సోమవారమూ లేదు."

"మరి తెలుసు నీకు. కదుల్తుందని తెలుసు" అన్నాడు బాలగంగాధరం.

"తెలుసు." కృష్ణతేజ గట్టు మీద కూలబడ్డాడు. "ప్రకాష్ గారే కనిపెట్టేరు. డీలో పడుకున్న బండిని ఏసీ కోసం లేపితే డీలోనే లేస్తోందని. రిపోర్టులో మొదటి పేజీలో ఇదే రాస్తానన్నారు. నేను వెంటనే ఆఫీసుకి చెప్పేను. తలుపు రక్షణ తీసి ఉందనీ చెప్పేను. ఇక్కడి డ్రైవర్లు పంటు మీద గేర్లో వదిలేస్తారు, చాలా ప్రమాదం, వెంటనే సరిచెయ్యండనీ చెప్పేను. జాగ్రత్త కోసమే చెప్పేను మావయ్యగారూ!"

"ఎవరికి చెప్పేవు?"

"మురళీమోహన్ గారికి. ఈ బండి ఆయన చేతి మీదే తయారైంది. ఆయనొక్కడికే."

"ఆయనేమన్నాడు?"

"సరే చూస్తానన్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు." కృష్ణతేజ మొహం అరచేతుల్లో దాచుకున్నాడు. "మంగళవారం మధ్యాహ్నం ఫోన్ చేసేరు. ప్రకాష్ లంకలోంచి బయల్దేరేడా, పంటు ఎక్కేరా అని అడిగేరు. ఎక్కేరు, నడిమధ్యలో ఉన్నారు అన్నాను. బండి పడిపోయేక మళ్ళీ చేసి, తప్పు డ్రైవరుదని తేల్చుకుని రా, లేకపోతే రావద్దు అన్నారు."

జాగ్రత్తపడమని చెప్పిన మాటే కత్తైపోయింది. చెప్పిన కుర్రాడు రెండు రోజులుగా దాన్ని మింగలేక, కక్కలేక, ఒక అమాయకుణ్ణి జైలుకి తోస్తూ తిరిగేడు. ఎవర్ని తిట్టాలో బాలగంగాధరానికి తెలియలేదు. తెలియక జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"త్రిమూర్తులూ, నా రిపోర్టులో డ్రైవరు తప్పు లేదు. ఆ పాస్‌పోర్టు ఇచ్చెయ్యి."

"ఆయ్, అలాగేనండి. తాతబ్బాయ్, కోర్టు లేదు, ఏం లేదు. ముందు అన్నం తినెహే! నీ మొహం చూళ్ళేకపోతున్నాను" అన్నాడు ఎస్సై.

తాతబ్బాయి చేతులెత్తి దణ్ణం పెట్టబోయి, మధ్యలోనే మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చేడు. సత్యవేణి ఏడవలేదు. గబగబా వచ్చి భర్త రెక్క పట్టుకుని తీసుకెళ్ళి, నీడలో కూర్చోబెట్టి, క్యారియరు విప్పింది. రెండు రోజుల తర్వాత మనిషి అన్నంలో చెయ్యి పెట్టేడు. పక్కనే ఆవిడా చతికిలబడి పులుసు వడ్డిస్తోంది.

బాలగంగాధరం ఆ మొగుడూపెళ్ళాల్ని చూస్తూ ఊపిరి పీల్చుకున్నాడు. ఇంటికెళ్ళి మజ్జిగ తాగి పడుకోవచ్చు. మిగతాది రేపు.

"తేజా, ఆ మురళీమోహన్ మంగళవారం దేంతో లేపేడురా బండిని? ఫోన్లా?"

"ఆయనకి ఫోను కూడా అక్కర్లేదు. ఆఫీసులో బల్ల మీదనుంచే లేపొచ్చు. కెమెరాల్లో చూస్తూ."

"ఇప్పుడు కూడానా?"

కృష్ణతేజ తలెత్తేడు. ఇద్దరూ ఒక్కసారే బండి వంక చూసేరు. మూతి మీదున్న కెమెరా కన్ను పక్కన పచ్చటి చుక్క ఒకటి వెలుగుతోంది. ఇందాక అది లేదు.

"ఎవరో చూస్తున్నారు" అన్నాడు కృష్ణతేజ.

అప్పుడు గుర్తొచ్చింది బాలగంగాధరానికి. దిగేటప్పుడు తను బొత్తాం నొక్కి ఆపేడు. లివరు ముట్టుకోలేదు. ఊళ్ళో డ్రైవర్లందరికీ గేర్లో వదలమని నేర్పిన చెయ్యి, అలవాటుగా, గేర్లోనే వదిలేసి దిగింది.

రేవు గట్టు మీద నీడ ఒక్కచోటే ఉంది, బండి మూతి ముందు. అన్నం ముద్ద నోటి దగ్గర పెట్టుకున్న తాతబ్బాయి చెయ్యి ఆగింది. అతను తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"అండీ, ఈ బండి కాళ్ళకి వేడిగాలి కొడతందండీ" అన్నాడు.